వెయ్యి ఫైళ్లలో ‘నాలా’ ఎక్కడుంది?

పోయిన ఎండాకాలం మా కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి గారు ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. "ఇరవై ఏళ్ల కాగితాలు ఇందులో ఉన్నాయి బాబూ. మన వెనక నాలా గురించి ఎవరు ఎప్పుడు ఏం రాశారో అంతా ఒక్కచోటికి రావాలి. వానలు మొదలయ్యేలోపు కమిషనర్ గారికి అర్జీ పెట్టాలి" అన్నారు. మాది ఎల్బీనగర్ వైపు కాలనీ. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు ఆ నాలా, అంటే వాననీళ్లు పోయే కాలువ, పొంగి కింది వీధి ఇళ్లలోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. అప్పట్నుంచి మబ్బు పడితే చాలు, అందరికీ టెన్షనే.

పెన్‌డ్రైవ్‌లో వెయ్యికి పైగా ఫైళ్లున్నాయి. సమాచార హక్కు చట్టం కింద వచ్చిన జవాబుల స్కాన్లు, సంఘం మినిట్స్, డీటీపీ షాపులో చేయించిన కరపత్రాలు, వర్డ్‌లో టైప్ చేసిన ఉత్తరాలు, చందాల ఎక్సెల్ షీట్లు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు. ఒక్కోదానికి రెండు నిమిషాలేసుకున్నా ముప్పై గంటలు దాటుతుంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా మార్చిపెట్టే సైట్లు బోలెడున్నాయి. కానీ ఆ ఫైళ్లలో ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు, ఆస్తి పన్ను రసీదులు, కొన్నిచోట్ల ఆధార్ కాపీలు ఉన్నాయి. ఇరుగుపొరుగు వాళ్ల ఆధార్‌ను తీసుకెళ్లి ఎక్కడి సర్వర్‌లోనో పెట్టే హక్కు నాకు లేదు. అందుకే పనంతా నా లాప్‌టాప్‌లోనే, టెర్మినల్ తెరిచి, కమాండ్ లైన్ పనిముట్లతో, అంటే టైప్ చేసి ఇచ్చే ఆదేశాలతో, చేశాను. ఉబుంటు అనే లినక్స్ ఉన్నవాళ్లకు ఇవన్నీ ఉచితం. విండోస్ 10, 11 వాడేవాళ్లు దాని లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకుంటే అక్కడా ఇవే నడుస్తాయి.

మాటలు వెతికే పనికి గ్రెప్ అనే కమాండ్ ఉంది. 1973 నాటిది, రాసింది కెన్ థాంప్సన్. అప్పట్లో ఈడీ అనే ఎడిటర్‌లో, ఇచ్చిన నమూనాకు సరిపోయే గీతలన్నీ చూపించమనడానికి జీ, ఆర్ఈ, పీ అనే అక్షరాలు వరసగా కొట్టేవారు. పేరు అక్కడి నుంచే వచ్చింది. ఒక మాట, ఒక ఫోల్డర్ పేరు ఇచ్చి, హైఫన్ ఆర్ తగిలిస్తే లోపలి ఫోల్డర్లతో సహా అంతా గాలిస్తుంది. నేనూ మొదట అదే చేశాను. ‘నాలా’ అని ఇచ్చాను. రెండు సెకన్లలో ఆరు ఫైళ్ల పేర్లు వచ్చాయి.

ఇరవై ఏళ్లుగా నాలా కోసం తిరుగుతున్న సంఘానికి ఆరు ఫైళ్లేనా? అక్కడే ఈ పని అసలు సంగతి అర్థమైంది. గ్రెప్ ఒక ఫైల్ పేరు చెప్పలేదంటే దానికి రెండు కారణాలుండొచ్చు. ఆ ఫైల్‌లో ఆ మాట నిజంగా లేకపోవచ్చు. లేదా ఆ ఫైల్‌లోని రాతను గ్రెప్ చదవలేకపోయి ఉండొచ్చు. రెండు సందర్భాల్లోనూ తెర మీద కనిపించేది ఖాళీయే. ‘లేదు’కూ ‘చూడలేదు’కూ మధ్య తేడాను మనమే పట్టుకోవాలి. తర్వాత నేను చేసిన పనంతా దాదాపు దీని కోసమే.

ముందు ఏ రకం ఫైళ్లు ఎన్నున్నాయో లెక్క తీయాలి. పేరు చివరి మూడక్షరాలను నమ్మొద్దు. ‘ఫైల్’ అనే పేరుతోనే ఒక కమాండ్ ఉంది. అది లోపలి మొదటి బైట్లను చూసి ఇది పీడీఎఫ్, ఇది జేపెగ్, ఇది యూటీఎఫ్-16 టెక్స్ట్ అని చెప్పేస్తుంది. మా సంచిలో పీడీఎఫ్ అని పేరున్న రెండు ఫైళ్లు నిజానికి ఫొటోలని అదే చెప్పింది. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో ‘యూనికోడ్’ అని ఎంచుకుని దాచిన ఫైళ్లు యూటీఎఫ్-16లో ఉంటాయి. మనం టెర్మినల్‌లో కొట్టే మాట యూటీఎఫ్-8లో ఉంటుంది. ఇవి అక్షరాలను బైట్లుగా దాచే రెండు పద్ధతులు. ఒకే తెలుగు అక్షరం ఒకదానిలో రెండు బైట్లు, రెండోదానిలో మూడు బైట్లు. కాబట్టి గ్రెప్‌కు ఆ మాట ఎప్పటికీ తగలదు. ఐకాన్వ్ అనే కమాండ్‌తో వాటిని యూటీఎఫ్-8కి మార్చేస్తే ఆ చిక్కు తీరుతుంది.

ఫైళ్లను ఒక్కొక్కటిగా అందించేది ఫైండ్, అందుకుని పని చేయించేది ఎక్స్‌ఆర్గ్స్. ఇక్కడ ఒక గుంట ఉంది. వాట్సాప్ ఫొటోల పేర్ల మధ్య ఖాళీలుంటాయి. మన గుమస్తాల ఫైల్ పేర్లలోనూ అంతే. ఎక్స్‌ఆర్గ్స్ ఖాళీ కనపడగానే పేరును ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల పేరుతో ఫైల్ ఏదీ ఉండదు. అందుకే ఫైండ్‌కు ప్రింట్‌జీరో, ఎక్స్‌ఆర్గ్స్‌కు హైఫన్ సున్నా జంటగా ఇవ్వాలి. అప్పుడు పేరుకూ పేరుకూ మధ్య హద్దుగా సున్నా బైట్ నిలుస్తుంది. ఫోల్డర్ల దారితో సహా రాసిన ఫైల్ పూర్తి పేరులో ఎన్నడూ రాకూడని బైట్ అదొక్కటే. స్కానర్ నుంచి వచ్చిన కొన్ని ఫైళ్లకు పీడీఎఫ్ అనే అక్షరాలు పెద్దబడిలో ఉంటాయి. ఫైండ్‌లో నేమ్ బదులు ఐనేమ్ వాడితే అవీ తప్పిపోవు.

అసలు ఫైళ్లను ముట్టుకోకుండా, తీసిన టెక్స్ట్‌ను వేరే ఫోల్డర్‌లో పెట్టాను. ఫోల్డర్ల అమరికను మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను. ఎందుకంటే స్కాన్ 001 అనే పేరుతో మా దగ్గర తొమ్మిది ఫైళ్లున్నాయి, ఒక్కో ఏడాది ఫోల్డర్‌లో ఒకటి. అన్నిటినీ ఒకే చోట రాస్తే ఒకదాని మీద ఒకటి పడి చివరిదే మిగిలేది. దానికి హెచ్చరిక కూడా రాదు.

ఇక పీడీఎఫ్. ఎక్కువ కష్టం ఇక్కడే. పీడీఎఫ్‌ను అడోబ్ 1993లో తెచ్చింది, 2008లో అది ఐఎస్ఓ ప్రమాణమైంది. దాని ఉద్దేశం కాగితం ఎక్కడైనా ఒకేలా కనిపించడం. అందుకే అందులో ప్రధానంగా ఉండేది ‘ఈ ఫాంట్‌లోని ఫలానా బొమ్మను ఈ చోట గీయి’ అన్న ఆదేశాలు. ఆ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక ఒకటి లోపల ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పాప్లర్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే పీడీఎఫ్‌టుటెక్స్ట్ ఆ ఆదేశాల్లోంచి వీలైనంతవరకు వరసగా టెక్స్ట్‌ను లాగుతుంది. పట్టికలున్న కాగితాలకు లేఅవుట్ అనే ఆప్షన్ ఇస్తే నిలువు వరుసలు కలగాపులగం కాకుండా వస్తాయి.

అన్ని పీడీఎఫ్‌ల మీదా దాన్ని నడిపాక, వచ్చిన టెక్స్ట్ ఫైళ్ల సైజు చూశాను. కొన్ని 12 బైట్లు, కొన్ని 3 బైట్లు. పీడీఎఫ్‌టుటెక్స్ట్ ప్రతి పేజీ చివర ఫామ్‌ఫీడ్ అనే ఒక్క బైట్ గుర్తు పెడుతుంది. అంటే 12 బైట్ల ఫైల్ 12 పేజీల స్కాన్ అన్నమాట. లోపల అక్షరం ఒక్కటీ లేదు, పేజీల ఫొటోలే. సమాచార హక్కు జవాబుల్లో చాలావరకు ఇవే. ఆఫీసులో కంప్యూటర్ మీదే టైప్ చేసి, ప్రింట్ తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి పంపుతారు. కాగితం మీద సంతకం కోసం లోపలి అక్షరాలన్నీ బొమ్మగా మారిపోతాయి. ఇది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. పౌరుడికి ఇచ్చిన సమాచారాన్ని పౌరుడు వెతుక్కోలేని రూపంలో ఇచ్చినట్టు అవుతుంది.

రెండో రకం ఇంకా మాయచేస్తుంది. సైజు బాగానే ఉంటుంది, తెరిచి చూస్తే ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు కలిసిన అడవి. డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనో శ్రీలిపితోనో చేసిన కరపత్రాలు ఇవి. ప్రతి అక్షరానికీ సొంత నంబర్ ఇచ్చే యూనికోడ్ మన వాడుకలోకి రాకముందు తెలుగు అచ్చుకు దారి ఇదే. తలకట్టు, కొమ్ము, వత్తు ఇలా అక్షరాన్ని ముక్కలు చేసి ఇంగ్లీషు అక్షరాల గదుల్లో పెట్టారు. కంటికి తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం అది ఇంగ్లీషు అక్షరాల గొలుసే. మన పత్రికలు, పుస్తకాలు కొన్ని దశాబ్దాల పాటు వీటి మీదే నడిచాయి. కాబట్టి ఆ ఫాంట్లు చేసిన మేలును నేను తక్కువ చేయను. కానీ ఇవాళ వెతకడానికి కూర్చుంటే ఆ తెలుగంతా తాళం వేసిన పెట్టెలో ఉన్నట్టే.

పీడీఎఫ్‌ఫాంట్స్ అనే కమాండ్ ఏ ఫైల్‌లో ఏ ఫాంట్లున్నాయో, వాటికి యూనికోడ్ పట్టిక ఉందో లేదో చూపిస్తుంది. స్కాన్ అయితే జాబితా ఖాళీగా వస్తుంది. కానీ పట్టిక ‘ఉంది’ అని వచ్చినా నమ్మలేం, ఆ పట్టికే ఇంగ్లీషు అక్షరాలను చూపించవచ్చు. దీనికి నేను వాడిన పరీక్ష చాలా తేలిక. యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు 128 గదులున్నాయి. తీసిన టెక్స్ట్‌లో ఆ గదుల్లోని అక్షరం ఒక్కటైనా ఉందా? గ్రెప్‌కు పెద్ద పీ ఆప్షన్ ఇస్తే లిపి పేరుతోనే వెతకవచ్చు, పెద్ద ఎల్ ఇస్తే దొరకని ఫైళ్ల పేర్లు చెబుతుంది. రెండూ కలిపితే ‘తెలుగు అక్షరం ఒక్కటీ లేని ఫైళ్లు’ అనే జాబితా చేతికొస్తుంది. మ్యాక్‌తో వచ్చే గ్రెప్‌లో పెద్ద పీ లేదు, జీఎన్‌యూ గ్రెప్ వేరుగా పెట్టుకోవాలి. ఆ జాబితాలోంచి అచ్చంగా ఇంగ్లీషు ఉత్తరాలను పక్కకు తీశాను. మిగిలినవన్నీ స్కాన్లో, పాత ఫాంట్ల ఫైళ్లో.

పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. సరిగ్గా ఏ ఫాంటో తెలిస్తే అవి బాగానే పనిచేస్తాయి. మా దగ్గర నాలుగైదు రకాల ఫాంట్లు కలిసిపోయి ఉన్నాయి. అందుకని నేను ఇంకో దారి పట్టాను. లోపలి అక్షరాలు పాడైన పీడీఎఫ్‌ను కూడా స్కాన్ లాగే చూశాను. పీడీఎఫ్‌టుపీపీఎం అనే కమాండ్‌తో ప్రతి పేజీని అంగుళానికి 300 చుక్కల బొమ్మగా మార్చి, ఆ బొమ్మను, బొమ్మలోని అక్షరాలను చదివే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చాను. కంటికి తెలుగు కనిపిస్తోంది కదా, చూసి చదివే యంత్రానికే అప్పగిస్తే లోపల ఏ ఫాంటైతే ఏం?

టెసరాక్ట్ హ్యూలెట్-ప్యాకర్డ్‌లో 1980ల్లో పుట్టింది, 2005లో ఓపెన్ సోర్స్ అయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు గూగుల్ పోషించింది. 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి అక్షరాన్ని విడిగా కాకుండా వరుస మొత్తాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌తో చదువుతోంది. వత్తులూ గుణింతాలూ కలిసి ఒకే ముద్దగా ఉండే మన లిపికి అది పెద్ద మేలు. తెలుగు డేటాను వేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. భాష చెప్పకపోతే అది ఇంగ్లీషే అనుకుని తెలుగు పేజీని కూడా ఇంగ్లీషు అక్షరాలుగా చదివేస్తుంది, తప్పు జరిగిందని చెప్పదు. మన ఆఫీసు కాగితాల్లో రెండు భాషలూ ఉంటాయి కాబట్టి ‘టెల్ ప్లస్ ఇంగ్’ అని రెండూ ఇవ్వాలి. ఇది నిదానమైన పని. ఎక్స్‌ఆర్గ్స్‌కు పెద్ద పీ ఇచ్చి నాలుగు పేజీలు ఒకేసారి చదివించి, రాత్రి మొదలుపెట్టి వదిలేస్తే తెల్లారేసరికి చాలావరకు అయిపోయింది. అలా నాలుగు పక్కపక్కన నడిపేటప్పుడు ఒక్కో టెసరాక్ట్‌ను ఒక్క థ్రెడ్‌కే పరిమితం చేయాలి. లేకపోతే అవి ప్రాసెసర్ కోసం ఒకదానితో ఒకటి కొట్టుకుని అన్నీ నెమ్మదిస్తాయి.

వర్డ్ ఫైళ్లు వీటికంటే మంచివి, అయినా వాటికీ మెలికలున్నాయి. డాక్స్ ఫైల్ నిజానికి ఒక జిప్ మూట, లోపల డాక్యుమెంట్ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో రాత ఉంటుంది. మూట విప్పి నేరుగా గ్రెప్ చేద్దామనిపిస్తుంది. అలా చేయొద్దు. సరిచేసిన చోట, స్పెల్లింగ్ గుర్తు పడిన చోట వర్డ్ ఒకే మాటను రెండు మూడు ముక్కలుగా విడదీసి మధ్యలో ట్యాగులు పెడుతుంది. ‘నా’ ఒక ముక్కలో, ‘లా’ ఇంకో ముక్కలో పడితే గ్రెప్‌కు తగలదు. ఫైళ్లను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే ప్యాన్‌డాక్ ఆ ముక్కల్ని అతికించి ఇస్తుంది, కానీ పేజీ పైనా కిందా ఉండే హెడర్, ఫుటర్‌లను వదిలేస్తుంది. మా సంఘం లెటర్‌హెడ్‌లో ఉత్తరం నంబర్, తేదీ ఉండేది హెడర్‌లోనే. అవి లేని ఉత్తరం అర్జీకి పనికిరాదు. అందుకని వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరవగలిగే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రాఫీస్‌ను హెడ్‌లెస్‌గా, అంటే కిటికీ తెరవకుండా నడిపి, పాత డాక్, కొత్త డాక్స్ అన్నిటినీ పీడీఎఫ్‌గా మార్చి పీడీఎఫ్‌టుటెక్స్ట్‌కు ఇచ్చాను. చుట్టుదారే, కానీ హెడర్ ఉంటుంది, పేజీ నంబర్ కూడా దక్కుతుంది. ఎక్సెల్‌ను సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్‌గా మారిస్తే మామూలుగా మొదటి షీట్ ఒక్కటే వస్తుంది, అదొక్కటి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అన్నీ టెక్స్ట్ ఫైళ్లయ్యాయి. అయినా పని అవలేదు. మన కంటికి ఒకేలా కనిపించే రెండు మాటలు కంప్యూటర్‌కు వేరు కావచ్చు. హైదరాబాద్ అన్న పేరే తీసుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. ఐత్వానికి సొంత గది ఒకటుంది. ఎత్వం, దాని కింద వేలాడే గుర్తు విడివిడిగా రాసినా అదే రూపం వస్తుంది. తెర మీద తేడా తెలియదు, బైట్లు మాత్రం కలవవు. జీహెచ్ఎంసీ దగ్గర ఇంకో చిక్కు. కొన్ని కీబోర్డులు ‘హెచ్’ తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తును పెడతాయి, కొన్ని పెట్టవు. దాని పేరు జడ్‌డబ్ల్యూఎన్‌జే. ‘వెల్ఫేర్’ లాంటి మాటలోనైతే ఆ గుర్తు ఉందో లేదో వత్తును బట్టి కంటికే తెలుస్తుంది. ‘జీహెచ్ఎంసీ’లో పొల్లు తర్వాత అచ్చు వస్తుంది కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒక రూపంతో వెతికితే రెండో రూపం దొరకదు. నేను వెతికే ముందు అన్ని టెక్స్ట్ ఫైళ్లనూ యూకాన్వ్ అనే కమాండ్‌తో ఎన్ఎఫ్‌సీ అనే ఒకే పద్ధతికి తెచ్చి, టెక్స్ట్‌లో మార్పులు చేసే సెడ్ అనే కమాండ్‌తో ఆ కనిపించని గుర్తును తీసేశాను. అసలు కాగితాలు వేరే ఫోల్డర్‌లో భద్రంగానే ఉన్నాయి కాబట్టి ఈ కోతకు భయపడక్కర్లేదు.

ఇక ‘నాలా’. కొందరు ‘నాల’ అని కూడా రాశారు. సరే, ‘నాల’ అని వెతికితే రెండూ వస్తాయి కదా అని వెతికాను. వందల గీతలు పరుచుకున్నాయి. నాలుగు, నాలుగో వీధి, వాహనాలు, భవనాలు, మైదానాలు. మన చదువులో ‘లు’ ఒక అక్షరం. కంప్యూటర్ లెక్కలో ‘ల’ ఒకటి, కొమ్ము ఇంకొకటి. కాబట్టి ‘నాలు’లో ‘నాల’ పూర్తిగా ఉన్నట్టే. తెలుగులో వెతికే ప్రతి ఒక్కరూ ముందు నేర్చుకోవాల్సింది ఇదేనని నాకనిపిస్తుంది. చిన్న మాట ఇచ్చేటప్పుడు తర్వాత గుణింతం గుర్తు రాకూడదని కూడా చెప్పాలి. మాట హద్దును గుర్తించే ఆప్షన్లు ఉన్నాయి గానీ, తెలుగు గుణింతాల దగ్గర అవి అన్ని పనిముట్లలోనూ ఒకేలా నడవవు.

‘నాలా’ అని పూర్తిగా ఇచ్చినా ‘నాలాగే నష్టపోయినవాళ్లు’, ‘నాలాంటి పెద్దవాళ్లు’ అంటూ ఉత్తరాలు వచ్చాయి. వాటిని తీసేయడానికి గ్రెప్‌కు హైఫన్ వీ ఇచ్చి, ‘నాలాగే’ ఉన్న గీతలు వద్దనవచ్చు. కానీ ఒకే గీతలో ‘నాలాగే ఈ నాలా వల్ల’ అని రెండూ ఉంటే అసలుది కూడా పోతుంది. అందుకే పెద్ద పీ ఆప్షన్‌తో ‘నాలా తర్వాత గే, గా, ంటి రాకూడదు’ అని నమూనాలోనే చెప్పాను. ఉత్త ‘గ’ రాకూడదు అని ఉంటే ‘నాలాగట్టు’ అని కలిపి రాసిన ఉత్తరం ఒకటి జారిపోయేది. దాన్నే గట్టు కూలిన నాటి ఉత్తరంగా అర్జీలో మొదట పెట్టాం.

స్కాన్ల నుంచి వచ్చిన టెక్స్ట్‌లో తప్పులుంటాయి. ద, ధ, థ మధ్య తేడా ఒక చుక్కో గీతో. పాత జిరాక్స్‌లో అది చెరిగిపోతుంది. న, స కూడా పొరపడతాయి. కాబట్టి వాటి మీద న గానీ స గానీ అని కొంచెం వదులుగా వెతికి, వచ్చినవాటిని కంటితో చూసుకున్నాను. కాలం మారితే మాటలూ మారతాయి. జీహెచ్ఎంసీ ఏర్పడింది 2007లో. అంతకుముందు కాగితాల్లో ఎల్బీనగర్ మున్సిపాలిటీ ఉంటుంది. కొందరు నాలాను వరద కాలువ అన్నారు, ఇంగ్లీషు ఉత్తరాల్లో స్టార్మ్ వాటర్ డ్రెయిన్ అని ఉంది. ఈ జాబితా ఏ పనిముట్టూ ఇవ్వదు. కార్యదర్శి గారితో కూర్చుని ఆయన నోట వచ్చిన మాటలన్నీ రాసుకుని, ఒక ఫైల్‌లో పెట్టి గ్రెప్‌కు హైఫన్ ఎఫ్‌తో అందించాను.

దొరికిన ప్రతిదానికీ పేజీ నంబర్ కావాలి, లేకపోతే ఆఫీసులో ఎవరూ వెతుక్కోరు. ముందు చెప్పిన ఫామ్‌ఫీడ్ గుర్తు ఇక్కడ అక్కరకొచ్చింది. ఆక్ అనే కమాండ్‌కు ‘గీత గీతగా కాదు, ఫామ్‌ఫీడ్ దగ్గర విడగొట్టు’ అని చెబితే ఒక్కో పేజీ ఒక్కో ముక్కగా వస్తుంది, ముక్క నంబరే పేజీ నంబర్. ఫైల్ పేరు, పేజీ, ఆ వాక్యం మూడూ ఒక వరుసలో వచ్చేశాయి.

ఇదే దారి పాత తెలుగు పుస్తకాలకూ పనికొస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం మన గచ్చిబౌలి త్రిపుల్ ఐటీ ఆధ్వర్యంలో ఎన్నో పుస్తకాలు స్కాన్ అయ్యాయి. అవీ పేజీల బొమ్మలే. ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే కమాండ్ టెసరాక్ట్‌ను వాడుకుని, బొమ్మ వెనక కనిపించని టెక్స్ట్ పొరను అతికిస్తుంది. ఆ తర్వాత మామూలు పీడీఎఫ్ రీడర్‌లోనే వెతుక్కోవచ్చు.

చివరికి ఒక జాబితా మిగిలింది. తీసిన టెక్స్ట్ ఖాళీగానో అర్థం లేకుండానో వచ్చిన ఫైళ్లు, ఎర్రర్ వచ్చి ఆగిపోయిన ఫైళ్లు, మొత్తం 43. చాలావరకు చేతిరాత మినిట్స్ పుస్తకం ఫొటోలు. చేతిరాత తెలుగు టెసరాక్ట్ వల్ల కాదు. ఒక ఆదివారం పొద్దున కార్యదర్శి గారు, నేను వరండాలో కూర్చుని ఒక్కొక్కటీ పెద్దది చేసి చదివాం. కొన్ని పేజీల్లో దస్తూరీ ఎవరిదో చూడగానే ఆయన గుర్తుపట్టారు. నాలా వెడల్పును టేపుతో కొలిచి రాసుకున్న తీర్మానం ఆ ఫొటోల్లోనే ఉంది, ఆ కొలత ఇంకే కాగితంలోనూ లేదు.

అర్జీకి జతచేసిన పట్టికలో ఫైల్ పేరు, పేజీ, తేదీ, వాక్యం తర్వాత ఇంకో నిలువు వరుస పెట్టాను. ఆ మాట ఎలా దొరికిందో అందులో ఉంది. కొన్నిటి ఎదురుగా ‘నేరుగా టెక్స్ట్’, చాలావాటి ఎదురుగా ‘స్కాన్ నుంచి’, ఆ తీర్మానం ఎదురుగా ‘కంటితో చదివాం’.